పాత రైసు మిల్లు ఇనుము గంపగుత్తగా ఇచ్చేయొచ్చా? ఇవ్వకండి, ఎందుకో చెప్తాను

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. తణుకు దగ్గర పల్లెలో మీ నాన్నగారి హల్లర్ (వడ్లు ఆడించే) మిల్లు చాలా ఏళ్ళుగా మూతపడి ఉంది. షెడ్డు తీసేసి అక్కడ గోడౌన్ కట్టాలనుకుంటున్నారు. ఒకాయన వచ్చి చుట్టూ చూసి, మొత్తానికి ఒకటే రేటు, మూడు రోజుల్లో నేల శుభ్రం చేసి ఇస్తానన్నాడు. పనికొచ్చేది పాడవకుండా, ఊళ్ళో ఎవరికీ హాని జరక్కుండా ఈ పని ఎలా చేయాలి అని మీరు అడిగారు.

నేను విజయవాడ ఆటోనగర్లో పాత ఇనుము వ్యాపారం మధ్యే పెరిగాను, ఇప్పుడు ఫర్నేసులకి వెళ్ళే సరుకు చూసి గ్రేడు కట్టడం నా పని. కాబట్టి మీ గేటు దాటాక ఆ సరుకు ఏమవుతుందో చూసినవాడిగా చెప్తున్నాను, గంపగుత్తగా ఇవ్వకండి. ధర తక్కువ వస్తుంది, అది నిజమే, కానీ అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. గంపగుత్త బేరంలో కొన్నవాడికి ఎంత తొందరగా ముక్కలు చేసి లారీ ఎక్కిస్తే అంత మిగులు. తిరిగే మోటారైనా కాలిపోయిన మోటారైనా సుత్తి దెబ్బే. కేబుల్ తొక్క ఒలిచే తీరిక ఉండదు, పొలం గట్టు మీద కాల్చేస్తారు. బ్యాటరీలో యాసిడ్ మీ పంట బోదెలోకే పోతుంది. అతను చెడ్డవాడని నేననడం లేదు, ఆ బేరంలో అంతకంటే మంచి పని చేయడానికి అతనికి వీలుండదు. మీరే ఒక వారం మనుషుల్ని పెట్టుకుని రకం రకంగా విడదీయించి, ఏది ఎవరికి చేరాలో వాళ్ళకే అమ్మండి. చేయాల్సిన మంచి పనిలో ఎక్కువ భాగం కాటా ఎక్కించే లోపే అయిపోతుంది, ఆ తర్వాత మన చేతిలో ఏమీ ఉండదు.

ఎందుకు విడదీయాలో కొంచెం వివరంగా చెప్పాలి, చాలామందికి ఇది తెలియదు. మన చుట్టుపక్కల తుక్కు ఎక్కువగా వెళ్ళేది ఇండక్షన్ ఫర్నేసుకి, అంటే కరెంటుతో కరిగించే కొలిమికి. అది ఇనుముని కరిగిస్తుంది, అంతేగానీ శుద్ధి చేయడం దానివల్ల పెద్దగా అయ్యే పని కాదు. ఏం వేస్తే అదే కడ్డీలో తేలుతుంది. ముఖ్యంగా రాగి. ఇనుములో ఒకసారి రాగి కలిసిందంటే ఏ ఫర్నేసులోనూ దాన్ని బయటికి లాగలేరు, తగరం కూడా అంతే. రాగి ఎక్కువైన ఉక్కుని రోలింగు మిల్లులో ఎర్రగా కాల్చి సాగదీస్తుంటే పైన పగుళ్ళు వస్తాయి. అంటే వైండింగు (లోపలి రాగి తీగ చుట్ట) తీయకుండా ఇనుము కుప్పలో పారేసిన మోటారు వల్ల కిలో ధర ఇరవై రెట్ల పైన పలికే రాగి పోయింది, పైగా అది ఎవరింటి స్లాబులోకో వెళ్ళే ఊచల్ని పాడు చేసింది. అదే శుభ్రమైన తుక్కు అయితే ఒక్కో టన్నుకీ సుమారు 1.4 టన్నుల ముడి ఖనిజం, 740 కిలోల బొగ్గు తవ్వే అవసరం తప్పుతుంది. అల్యూమినియం సంగతి ఇంకా ఎక్కువ, ఖనిజం నుంచి తీయడానికి అయ్యే శక్తిలో దాదాపు 95 శాతం ఆదా. ఈ లాభమంతా సరుకు కల్తీ లేకుండా ఉంటేనే.

విడదీయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పాత స్పీకర్లో అయస్కాంతం ఒకటి తీసుకుని తాడు కట్టండి, ఒక ఆకురాయి దగ్గర పెట్టుకోండి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము జాతి. అంటుకోకపోతే ఆకురాయితో గీకి చూడండి, లోపల ఎర్రగా ఉంటే రాగి, పసుపైతే ఇత్తడి, తెల్లగా తేలిగ్గా ఉంటే అల్యూమినియం, మెత్తగా గోటికి గీత పడేంత ఉండి చెయ్యి లాగేసే బరువుంటే సీసం. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. స్టీలు దగ్గర మాత్రం అయస్కాంతాన్ని పూర్తిగా నమ్మకండి. మంచి 304 రకం అంటుకోదు, చవకరకం 202 కూడా అంటుకోదు, కాబట్టి అంటుకోలేదు కదా అని మంచి రేటు ఖాయం అనుకోకూడదు. వంటింటి స్టీలు సామానైతే విడిగా కట్టి పెట్టండి, కొనేవాళ్ళు మిషను పెట్టి చూసుకుంటారు.

మిల్లులో మీకు ఎక్కువ బరువు వచ్చేది బీడు, అంటే పోత ఇనుము. హల్లర్ బాడీ, పెద్ద పుల్లీలు, ఇంజను ఫ్లైవీలు, పాత మోటారు బాడీలు అన్నీ బీడే. గ్రైండరు పెడితే ఇనుముకి నిప్పురవ్వలు దూరంగా పువ్వుల్లా చీలిపోతూ వస్తాయి, బీడుకి పొట్టిగా ఎర్రగా వచ్చి ఆగిపోతాయి. బీడులో కార్బన్ మామూలుగా 3 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, అందుకే అది ఫౌండ్రీకి వెళ్ళాలి, ఉక్కు ఫర్నేసుకి కాదు. ఫౌండ్రీవాడు దాన్నే మళ్ళీ పోత పోసి పంపు బాడీలూ కొత్త పుల్లీలూ చేస్తాడు. రెండూ కలిపి తూకం వేస్తే మీకు తక్కువ రేటే కడతారు.

కానీ బీడు పగలగొట్టే ముందు ఆగండి. పుల్లీలు, షాఫ్టులు, బేరింగు బాక్సులు పగుళ్ళు లేకుండా ఉంటే అవి తుక్కు కాదు, సామాను. కారం మిల్లులవాళ్ళు, చిన్న చిన్న లేతు షాపులవాళ్ళు, చెరుకు గానుగలు నడిపేవాళ్ళు అలాంటివి వెతుక్కుంటూ తిరుగుతారు. పాత షాఫ్టు మంచి ఉక్కు, లేతు మీద పెట్టి ఇంకో పనికి తిప్పుకుంటారు. మోటార్లు కూడా అంతే. బీడు బాడీ ఉన్న పాత మోటారు వైండింగు పోయినా రీవైండింగు చేయిస్తే మళ్ళీ తిరుగుతుంది, తణుకులోనే చేసేవాళ్ళు దొరుకుతారు. తుక్కుకి ఇస్తే మాత్రం ఉలితో చుట్ట కోసి, వార్నిష్ పోవడానికి కాల్చి, రాగి పీకేస్తారు. రోజంతా నడిచే పనికి నలభై ఏళ్ళ నాటి మోటారు పెట్టుకోమని నేను చెప్పను, కరెంటు బిల్లు ఎక్కువ లాగుతుంది. అప్పుడప్పుడూ నడిచే గడ్డి కోత మిషనుకో, రోజుకి గంట నడిచే పనికో అయితే దివ్యంగా సరిపోతుంది. ఎక్కడైనా గన్‌మెటల్ బుష్షులుంటే (షాఫ్టు తిరిగే చోట పసుపు రంగులో ఉంగరంలా కనిపిస్తాయి) అవి తప్పకుండా విడిగా తీయించండి. బీడుతో కలిపి పోయేది ఎక్కువగా అవే.

షెడ్డు పైకప్పు సంగతి. ట్రస్సులు (పైకప్పుని మోసే ఇనుప చట్రాలు) నట్టు బోల్టు మీద ఉన్నాయా, వెల్డింగు మీద ఉన్నాయా చూడండి. మీ నాన్నగారి కాలపు షెడ్లలో బోల్టులు, రివెట్లు ఎక్కువ. బోల్టులైతే కిరసనాయిలో డీజిలో పోసి ఒక రాత్రి నానబెట్టి స్పానరుతో విప్పించండి. గ్యాస్ కటింగు పెట్టి మీటరు మీటరు ముక్కలు చేయొద్దు. నిండు పొడవు యాంగిల్ పశువుల పాకకో, రొయ్యల చెరువు దగ్గర షెడ్డుకో అడుగు లెక్కన పోతుంది, ముక్కలైతే తుక్కు రేటే. మీ కొత్త గోడౌన్‌కే ఆ ట్రస్సులు వాడుకోవచ్చేమో ముందు ఇంజనీరుకి చూపించండి. అది అన్నిటికంటే మంచి దారి, కరిగించే పని కూడా లేదు.

కటింగు తప్పనిసరైతే రెండు విషయాలు గట్టిగా పట్టుకోండి. ఒకటి రంగు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది, అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎంతైనా ఉండొచ్చు. ఆ రంగు మీద గ్యాస్ మంట పెడితే సీసం పొగ కట్టరు పట్టుకున్న కుర్రాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కోసే చోట రంగు గీకించి, ఆ పెచ్చులు గుడ్డలో పోగు చేయించి, బయట గాలి ఆడే చోటే కోయించండి. జింకు పూత రేకులు, జీఐ పైపులు కోసినప్పుడు కూడా తెల్లటి పొగ వస్తుంది, అది పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం ఖాయం. రెండోది డ్రమ్ములు. డీజిల్ ఇంజను ట్యాంకు గానీ నూనె డ్రమ్ము గానీ ఖాళీగా ఉంది కదా అని గ్యాస్ కటింగు పెట్టనివ్వకండి. ఖాళీ డ్రమ్ములో మిగిలిన ఆవిరే పేలుతుంది. మా పనిలో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇలాంటి చోటే. డ్రమ్ముని కోయకుండా ఉన్నది ఉన్నట్టే అమ్మండి, కొనేవాళ్ళుంటారు. రెండు వైపులా మూసుకుపోయిన పైపులు, షాక్ అబ్జార్బర్లు లాంటివి కనిపిస్తే వాటిని విడిగా పెట్టి, మూసుకుపోయి ఉన్నాయని చెప్పి ఇవ్వండి. లోపల చెంచాడు నీళ్ళున్నా కరిగిన ఇనుములో పడగానే బాంబులా చిమ్ముతుంది, ఫర్నేసు పక్కన నిలబడ్డవాళ్ళ మీద పడుతుంది.

పైకప్పు రేకులు పాత సిమెంటు రేకులైతే వాటిలో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తుల్ని పాడు చేసే నార) ఉంటుందనే అనుకోండి. పగలగొట్టకుండా, నీళ్ళు చల్లి తడిపి, నిండు రేకులుగా దింపించండి.

ట్రాన్స్‌ఫార్మరు ఉందన్నారు. ముందు అది ఎవరిదో తేల్చుకోండి, మిల్లు ఆవరణలో ఉన్నంత మాత్రాన మీదైపోదు, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో కాగితం చూపించి అడగండి. మీదే అని తేలినా నూనె వంచి ఎక్కడా పారబోయకండి, గొర్రుకి రాయడానికీ వాకిలి దుమ్ము అణచడానికీ కూడా ఇవ్వకండి, పాత ట్రాన్స్‌ఫార్మరు నూనెలో పీసీబీలనే విషపదార్థాలు ఉండే అవకాశం ఉంది. వాడిన నూనె తీసుకోవడానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్ళు ఉంటారు, విప్పకుండా వాళ్ళకే అప్పజెప్పండి.

కేబుళ్ళు మందంవైతే కత్తితో నిలువునా చీల్చి ఒలిపించండి, సన్న వైర్లు తొక్కతో సహా అమ్మేయండి, దానికీ ఒక రేటుంది. కాల్చనివ్వకండి. తొక్కలోని పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషాలూ యాసిడ్ పొగా వస్తాయి, బూడిద మీ చేలో పడుతుంది. దానికి తోడు కాల్చిన రాగికి మెరిసే రాగి కంటే రేటు కూడా తక్కువే, నల్లగా మారి పెళుసైపోతుంది. కాబట్టి కాల్చడంలో మీకు కలిసొచ్చేది ఏదీ లేదు.

ఇక బ్యాటరీలు. నాకు బాగా బాధ కలిగించే విషయం ఇది. మీ దగ్గర ఇన్వర్టరు బ్యాటరీలు, పాత ట్రాక్టరు బ్యాటరీ ఉన్నాయన్నారు. పాత సామానువాళ్ళు కొందరు "యాసిడ్ పారబోసి ఇవ్వండి, పొడి తూకం వేసుకుంటాం" అంటారు. అక్కడే ఆగిపోవాలి. ఆ యాసిడ్లో సీసం కలిసి ఉంటుంది, ఒకసారి నేలలో పడితే సీసం ఎక్కడికీ పోదు, ఆడుకునే పిల్లల చేతుల నుంచి నోట్లోకి వెళ్తుంది. పిల్లల మెదడుకి ఇంత సీసం పర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని డాక్టర్లే చెప్తున్నారు. ఆ మిగతా బ్యాటరీ కూడా అనుమతి లేని భట్టీకి పోతుంది. ఊరి చివర రేకుల షెడ్డులో గొడ్డలితో పెట్టె పగలగొట్టి, పలకలు తీసి, బొగ్గుల మీద కరిగిస్తారు, అక్కడ పనిచేసేవాళ్ళకి ముక్కుకి గుడ్డ కూడా ఉండదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు పాత బ్యాటరీల్ని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. మీరు చేయాల్సిందల్లా మూత తీయకుండా, నిటారుగా ఉంచి, కొత్త బ్యాటరీ కొనే షోరూములో మార్పిడికి ఇచ్చి బిల్లులో తగ్గింపు రాయించుకోవడమే. కొత్తది కొనకపోయినా పెద్ద కంపెనీ డీలరు తీసుకుంటాడు. బయటివాడు వంద రూపాయలు ఎక్కువ ఇస్తానన్నా ఇవ్వకండి. సెల్‌ఫోన్లు, ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఉండే లిథియం బ్యాటరీలైతే ఇనుము కుప్ప దరిదాపుల్లో కూడా పెట్టొద్దు, ప్రెస్సులో నలిగితే అంటుకుంటాయి.

ఆఫీసు గదిలో ఏసీ ఉంటే, అది నడిచే స్థితిలో ఉంటే, మెకానిక్‌ని పిలిచి గ్యాసుని బయటి యూనిట్లోకి పంప్‌డౌన్ చేయించి అప్పుడు విప్పించండి. రాగి గొట్టం కోసేస్తే ఆ గ్యాసంతా గాల్లోకే. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 అనే గ్యాసు కిలో బయటికి పోతే సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఫ్రిజ్, టీవీ, కంప్యూటరు ఈ-వేస్ట్ కింద నమోదైనవాళ్ళకి, ట్యూబులైట్లు పగలకుండా వాటితోపాటే.

గ్యాస్ సిలిండర్లు అసలు మీ ఆస్తే కాదు, ఆయిల్ కంపెనీలవి. ఏజెన్సీలో అప్పజెప్పి డిపాజిట్ తీసుకోండి.

అటక మీద ఇత్తడి సామాను ఉందని రాశారు కదా, గంగాళాలు, బిందెలు, గుండిగలు. వాటిని ఇనుము కొనేవాడికి చూపించను కూడా చూపించకండి. వాడుకోగలిగినవి వాడుకోండి. లోపల కళాయి పోయిందని పక్కన పెట్టిన గుండిగకి మళ్ళీ కళాయి పెట్టిస్తే ఇంకో తరం వండుకోవచ్చు. కళాయి వేసేవాళ్ళు తగ్గిపోయారు గానీ ఇంకా ఉన్నారు. తగరం దిమ్మ మాత్రం మీ కళ్ళ ముందు చూపించమని అడగండి, చవగ్గా వస్తుందని సీసం కలిపిన తగరం పూస్తే అదంతా వంటలోకి దిగుతుంది. చిల్లులు పడినవి, చొట్టలు పడినవి ఉంటే మీకు అజ్జరం దగ్గరే, పెరవలి మండలమే. పాత ఇత్తడి తీసుకుని మజూరీ మీద కొత్త సామానుకి మార్చి ఇచ్చేవాళ్ళు ఉంటారు, వెళ్ళి అడగండి. మీ బామ్మగారి బిందె గుర్తు తెలియని బేల్లో (నొక్కి కట్టిన తుక్కు మూటలో) కలిసి ఎక్కడికో పోయేకంటే, మన పక్క ఊరి పనివాళ్ళ చేతుల్లో గంటో దీపపు కుందో అవడం నాకైతే ఎంతో నచ్చుతుంది.

పడగొట్టిన స్లాబులో ఊచలు వస్తాయి. వాటిని సుత్తితో సాగదీసి మళ్ళీ ఇళ్ళకి అమ్మేవాళ్ళున్నారు, మేస్త్రీలు కూడా పర్వాలేదంటారు. స్తంభాలకీ స్లాబుకీ వాడొద్దు. ఒకసారి వంగి మళ్ళీ సాగిన ఊచలో సాగే గుణం తగ్గిపోతుంది, తుప్పు తిన్న చోట మందం ఎంత మిగిలిందో పైకి తెలియదు. కంచె గుంజలకి, పాదులకి, కాలిబాట పలకలకి వాడుకోండి, మిగిలింది ఫర్నేసుకి.

తూకం, కాగితాల గురించి కొంచెం. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. పెద్ద లోడైతే బయటి వే బ్రిడ్జిలో ఖాళీ లారీ తూకం, నిండు లారీ తూకం రెండూ మీ మనిషి ఎదురుగానే వేయించండి. మట్టి, తుప్పు పేరు మీద తరుగు ఎంత తీస్తారో బేరం ముందే తేల్చుకోండి, తూకం అయ్యాక మాట మారుతుంది. డబ్బు బ్యాంకులో వేయించుకుని బిల్లు తీసుకోండి. మీకు జీఎస్టీ నంబరు లేకపోతే మీరు పన్ను కట్టక్కర్లేదు, 2024 అక్టోబరు 10 నుంచి నమోదైన కొనుగోలుదారే తుక్కు మీద పన్ను కట్టాలి, కాబట్టి బిల్లు ఇస్తే మీకు ట్యాక్స్ పడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. బిల్లు ఎందుకు ముఖ్యమంటే, మన జిల్లాల్లో పొలాల ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి ఎత్తుకుపోతున్నారు, ఆ రైతు పంట ఎండిపోతుంది, ఆ రాగిని కొనేవాడు ఉన్నాడు కాబట్టే దొంగతనం సాగుతుంది. దొంగ సరుకని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. కాగితం లేకుండా సరుకు కొనని దుకాణానికే మీరు అమ్మితే అలాంటి దుకాణం నిలబడుతుంది.

మీ మిల్లులో ఉండదు గానీ, మూతపడిన ఆసుపత్రో, కాలేజీ ల్యాబో, ఫ్యాక్టరీయో ఖాళీ చేసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకి ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగం వేలం వేసిన పాత పరికరం ఒకటి చేరింది. అందులో కోబాల్ట్-60 ఉంది. విప్పినవాళ్ళకి రేడియేషన్ తగిలి పలువురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. చిన్న సైజులో ఉండి నమ్మలేనంత బరువున్న సీసపు తొడుగు పెట్టె గానీ, పసుపు మీద మూడు రెక్కల గుర్తు గానీ కనిపిస్తే చెయ్యి పెట్టకండి. దూరంగా నిలబడి పోలీసులకి చెప్పండి.

ఇక కొత్త గోడౌన్. తుక్కు తగ్గించడం అన్నది అసలు ఇక్కడే మొదలవ్వాలి, పాతది అమ్మే దగ్గర కాదు. ఊచ 12 మీటర్ల పొడవు వస్తుంది. ఇంజనీరు చేత ఏ సైజు ఎన్ని ముక్కలో ముందే పట్టిక రాయించుకుని, పెద్ద ముక్కలు ముందు కోసి, మిగిలిన పొట్టి ముక్కలు రింగులకీ చైర్లకీ (స్లాబులో ఊచల్ని ఎత్తి పట్టే కాళ్ళకి) వాడమని మేస్త్రీకి చెప్పండి. ఇలా చెప్పని సైట్లలో మూరెడు మూరెడు ముక్కలు గుట్టగా పడి ఉండి చివరికి తుక్కు రేటుకి వస్తుంటాయి, కొత్త ఊచ ధర పెట్టి కొన్న సరుకది. ఒకేసారి మొత్తం తెచ్చి మట్టి మీద పడేయకండి, మన తీరం గాలికి వర్షాకాలం దాటేసరికి పొరలు పొరలుగా తుప్పు లేస్తుంది. దిమ్మల మీద ఎత్తి, కప్పి పెట్టించండి. షెడ్డు ట్రస్సులు వెల్డింగు కాకుండా బోల్టుల మీద డిజైన్ చేయమనండి, మీ పిల్లలు దాన్ని మార్చుకోవాలనుకున్న రోజున స్పానరుతో విప్పుకుంటారు.

పని వరసగా చెప్పాలంటే ముందు బ్యాటరీలు, సిలిండర్లు, ఏసీ, ట్యూబులైట్లు బయటికి పంపేయండి, తర్వాత ఇత్తడి ఇంట్లోకి చేర్చండి, అప్పుడు మోటార్లు, షాఫ్టులు, పుల్లీలు విప్పించండి, కేబుళ్ళు లాగించండి, ఆఖర్న పైకప్పు. గంపగుత్త అడిగినాయనతో గొడవ పడక్కర్లేదు, మిగిలిన ఇనుము, బీడు వేరు వేరు తూకాలకి ఆయనకే ఇవ్వొచ్చు, రేటు సరిపోతే. మోటార్ల నేమ్‌ప్లేట్లు గుడ్డతో తుడిచి, హార్స్‌పవరు, ఆర్పీఎం అంకెలు కనిపించేలా ఫోటోలు పెట్టండి, ఏవి రీవైండింగుకి పనికొస్తాయో, ఏవి తుక్కుకే పోవాలో చూసి చెప్తాను.